కీచుమన్న టీ

యోదో ఏటిగట్టు మైదానంలో ఆ ఆదివారం పొద్దున ఒక టీకి అంత్యక్రియలు జరిగాయి.

టీ అంటే తాగే టీ కాదు. నడుమెత్తు ప్లాస్టిక్ గొట్టం. కింద బరువైన పీట, పైన చిన్న రబ్బరు గిన్నె. ఆ గిన్నెలో బేస్‌బాల్ బంతిని నిలబెట్టి, ఎదురుగా కట్టిన వలలోకి బ్యాటుతో బాదుతూ చెయ్యి సాపు చేసుకుంటారు. బంతి కదలదు, గొట్టం కదలదు, కాబట్టి కొట్టడం మహా తేలికని చూసేవాళ్ళు అనుకుంటారు. మిత్సురు కూడా అలాగే అనుకున్నాడు. తీరా ఊపేసరికి బ్యాటు బంతిని వదిలేసి గొట్టం నడుము మీద పడింది. గొట్టం రెండు ముక్కలైంది. బంతి మాత్రం దొర్లుకుంటూ అతని కాళ్ళ దగ్గరికే వచ్చింది.

జట్టు పేరు "ఏటిగట్టు కొంగలు". అందరూ అరవై దాటినవాళ్ళే. విరిగిన టీని తువ్వాలు మీద పడుకోబెట్టారు. సెలూన్ నడిపే ఇషిగామి సంచిలోంచి దోమలబత్తి ముక్క తీసి వెలిగించి తలవైపు పెట్టాడు. అందరూ టోపీలు తీసి చేతులు జోడించారు.

"బంతికి చిన్న గీత కూడా పడలేదు," అన్నాడు ఇషిగామి గొంతు బొంగురు చేసుకుని. "మిగిలిన మనకి అదొక్కటే ఓదార్పు."

గట్టు మెట్ల మీద కూర్చున్న ఫుసాకో అందరికన్నా గట్టిగా నవ్వింది. మిత్సురు ఆమె మొగుడు. మొగుణ్ణి చూసి పదిమందీ నవ్వుతుంటే పెళ్ళాం ఒక్కతే మొహం ముడుచుకోవాలని ఎక్కడా రాసిలేదని ఆమె ఉద్దేశం.

"మరదలా!" అని కేకేశాడు జట్టు నాయకుడు గెంజో. "మీ ఆయనకి బ్యాటెందుకిచ్చావమ్మా? గొడ్డలిచ్చి కొండకి పంపించు. కట్టెలైనా ఇంటికొస్తాయి!"

ఫుసాకో నవ్వు అక్కడితో ఆగింది. తను నవ్వడం వేరు, బావ నవ్వడం వేరు. గెంజో ఆమె అక్క కియోమి భర్త, అంటే మిత్సురుకి తోడల్లుడు. జీవితమంతా డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఎదుటివాడు స్టీరింగు పట్టుకుంటే పక్కన కూర్చుని తన కాలి కిందున్న బ్రేకు తొక్కే ఉద్యోగం. ఉద్యోగం పోయినా కాలు ఊరుకోలేదు. ఎవరు ఏ మాట మొదలుపెట్టినా సగంలో తొక్కేస్తాడు. పైగా హైస్కూల్లో ఉన్నప్పుడు, బడిజట్ల జాతీయ పోటీలు జరిగే కోషియెన్ మైదానం దాకా వెళ్ళొచ్చిన జట్టులోవాడు. అక్కడ ఆడింది లేదు, బెంచీ అరగదీసి వచ్చాడు. అయినా ఆ మైదానం మట్టి ఈనాటికీ వాళ్ళింట్లో గాజుసీసాలో దర్జాగా కూర్చుని ఉంటుంది.

"తప్పు మా ఆయనది కాదు బావా," అంది ఫుసాకో. "ఆ టీకి వంగడం రాదు. పెద్దవాళ్ళ ముందు వంగడం తెలియని దానికి అదే గతి."

"అయితే వంగేది నువ్వు చెయ్యి. రబ్బరు కార్ఖానా మీదేగా?"

"చేస్తా."

"చెయ్యి మరి!"

"చేస్తానంటే!"

అలా నోరుజారడం వల్ల మొదలైంది ఆ పని.

వాళ్ళ ఇంటి కింది భాగమే కార్ఖానా. చేతికర్రల అడుగున తొడిగే బుడిపెలు, కుళాయి వాషర్లు, మరుగుదొడ్డి పూడుకుపోతే పొడవడానికి వాడే రబ్బరు గిన్నెలు, ఇలాంటివి చేస్తారు. వేడి అచ్చుల యంత్రం మిత్సురుది. ఏ రబ్బరు ఎంత మెత్తగా ఉండాలో, గంధకం ఎంత పడాలో తేల్చేది ఫుసాకో. వీధి మలుపు తిరగ్గానే గంధకం వాసన తగిలితే, హమ్మయ్య ఇల్లొచ్చిందనుకుంటాడు మిత్సురు.

ఇంటికొచ్చాక భోజనం దగ్గర అతని చెయ్యి వణకడం ఫుసాకో కంటపడింది.

"ఏమయ్యా, చలా?"

"జివ్వుమంటోందే. గొట్టానికి తగిలినప్పుడల్లా మణికట్టులో పుట్టి పళ్ళదాకా పాకుతుంది."

"మరి గొట్టాన్ని కొట్టడమెందుకు?"

"కావాలని కొడతానా?"

అన్నం గిన్నె కిందపెట్టి మణికట్టు రుద్దుకుంటుంటే ఆమెకి జాలేసింది. బావ మీద పంతం ఒకవైపు, మొగుడి మీద జాలి ఇంకోవైపు. మర్నాడే పాత మోటారు సైకిలు స్ప్రింగొకటి సంపాదించింది. ఇసుక నింపిన డబ్బాలో దాన్ని బిగించి, పైన గొట్టం తొడిగి, కార్ఖానా వెనక సందులో నిలబెట్టింది.

మిత్సురు ఊపాడు. యథాప్రకారం గొట్టానికే తగిలింది. టీ విరగలేదు. నేలకంటా వంగి సాష్టాంగ నమస్కారం చేసింది.

"చూశావా! భేష్!" అంటూ బంతి ఎటుపోయిందో వెతకడానికి ముందుకు అడుగేశాడు మిత్సురు. సాష్టాంగపడ్డ టీ లేచి అటు ఊగింది, ఇటు ఊగింది, మళ్ళీ అటు ఊగుతూ దారిలో ఉన్న అతని పిర్రల మీద ఛెళ్ళుమనిపించింది.

ఆ పూట అతను నిలబడే భోంచేశాడు.

"స్టేషను దగ్గర నిలబడి తినే నూడుల్స్ కొట్టు పెడదామా? నీకిప్పుడు బాగా అలవాటవుతోంది," అంది ఫుసాకో.

"నవ్వు, నవ్వు. నీ పిర్ర కాదుగా."

స్ప్రింగు మానేసి ఈసారి మొత్తం మెత్తని రబ్బరుతోనే పోతపోసింది. చూడ్డానికి నున్నగా ముచ్చటగా వచ్చింది. జూలై ఎండ తగిలేసరికి నీళ్ళులేని మొక్కలా తల వాల్చేసింది. మిత్సురు బంతి పెడితే, అది నెమ్మదిగా వంగి ఆ బంతిని తెచ్చి అతని బూటు మీద పెడుతుంది.

"మర్యాద తెలిసిన టీనే. ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగిచ్చేస్తోంది," అన్నాడతను.

ఫుసాకోకి ఒళ్ళు మండింది. గట్టిగా ఉంటే తిరిగి కొడుతుంది, మెత్తగా ఉంటే నిలబడదు. కొన్నాళ్ళు దాని జోలికే పోకుండా వాషర్లు చేసుకుంటూ కూర్చుంది. ఆదివారం వచ్చేసరికి బావ "ఏం మరదలా, వంగడం నేర్చుకుందా మీ టీ?" అని అడుగుతూనే ఉన్నాడు. వాళ్ళ మధ్య ఇషిగామి "టీ సంగతి దేవుడెరుగు, మిత్సురు నడుం మాత్రం వంగింది" అని ఉప్పూకారం చల్లుతూనే ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం వంటింట్లో కొన్యాకు కోస్తోంది ఫుసాకో. దుంపపిండితో చేసిన బూడిదరంగు ముద్ద అది, జున్నుకన్నా గట్టి, రబ్బరుకన్నా మెత్తన. పులుసు బాగా పట్టాలని దాన్ని పలక మీద వేసి ఛెళ్ళున చరిచింది. ముద్ద ఒక్కసారి తొణికి ఊరుకుంది. ఎగరలేదు, ఊగలేదు. ఫుసాకో చెయ్యి ఆగింది. మళ్ళీ చరిచింది. మళ్ళీ అంతే. ఆ తర్వాత వంట సంగతే మరిచిపోయి ఎడాపెడా వాయించడం మొదలుపెట్టింది.

మిత్సురు గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏమే, అదేం తప్పు చేసింది?"

"దెబ్బ మింగేస్తోందయ్యా ఇది! తిరిగివ్వడం లేదు!"

"నువ్వు అదృష్టవంతురాలివి. నాకు తిరిగొచ్చేసింది."

వాళ్ళ దగ్గరా ఒక కొన్యాకు ఉంది, అంటే రబ్బరులో. బట్టలుతికే మెషీను నీళ్ళు పిండేటప్పుడు గంతులేసుకుంటూ గది దాటిపోకుండా దాని కాళ్ళ కింద పెట్టే రకం. నేలకేసి కొట్టినా ఎగరదు, తడిసిన సబ్బుబిళ్ళలా పడి ఉంటుంది. కార్ఖానాలో దాన్ని చచ్చు రబ్బరంటారు. ఫుసాకో దాన్ని కడ్డీలా పోసి స్ప్రింగు కడుపులో దూర్చింది. వంగిన టీని స్ప్రింగు లేపుతుంది. లేచింది ఊగకుండా లోపలి చచ్చు రబ్బరు భుజం పట్టి ఆపుతుంది. బ్యాటుకి దెబ్బ తగలకుండా పైన దళసరి స్పాంజి తొడుగు. అన్నిటికన్నా పైన బంతి కూర్చోవడానికి గిన్నె కావాలి. అలమారలోంచి ఒకటి తీసి తిరగేసి, అంచు కత్తిరించి, మెత్తగా ఉండేలా నాలుగు గాట్లు పెట్టింది.

మిత్సురు దాన్ని చూసి ముక్కు చిట్లించాడు. "ఇది మరుగుదొడ్డిది కదూ?"

"కొత్తదేనయ్యా."

"కొత్తదే. బంతికి చెప్పకు."

సందులోకి పట్టుకెళ్ళి ఊపాడు. బ్యాటు గొట్టానికే తగిలింది. టీ తలవంచింది, లేచింది, సరేనన్నట్టు ఒక్కసారి తలూపి నిలబడిపోయింది. మిత్సురు ముందుజాగ్రత్తగా పిర్రలు గోడకానించి నిలబడి, మణికట్టు తిప్పి చూసుకున్నాడు. జివ్వుమనలేదు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ మళ్ళీ కొట్టాడు. చీకటి పడి పక్కింటివాళ్ళు కిటికీ దబాల్న మూసేదాకా కొడుతూనే ఉన్నాడు.

మైదానంలో ఆ టీకి పెళ్ళికూతురికి జరిగినంత మర్యాద జరిగింది. ముసలివాళ్ళంతా వరసకట్టి బాదారు. మోచేతులు నొప్పెట్టలేదు, భుజాలు లాగలేదు. గెంజో కూడా నాలుగు దెబ్బలు కొట్టి, "ఫర్వాలేదు మరదలా" అన్నాడు. బ్రేకు తొక్కకుండా ఆయన నోట పూర్తిగా బయటికొచ్చిన మెచ్చుకోలు అదే మొదటిది. ఫుసాకో ఆ రోజంతా నేల మీద నడవలేదు.

తరవాతి ఆదివారం వాళ్ళలో వాళ్ళే రెండు జట్లుగా ఆడారు. మిత్సురు బ్యాటు పట్టుకుని వెళ్ళి, గాలిని మూడుసార్లు గట్టిగా కొట్టి తిరిగొచ్చాడు. ఇంకోసారి వెళ్ళి గాలితోపాటు కాస్త దుమ్ము కూడా లేపి వచ్చాడు.

ఫుసాకో ఆలోచనలో పడింది. అతను టీ దగ్గర కొడుతుంటే పక్కకి వెళ్ళి నేలమీద కూర్చుని చూసింది. బ్యాటు ఎప్పటిలాగే బంతి కిందికి పోతోంది. గిన్నెనీ బంతినీ కలిపి తన్నుకుంటూ పోతోంది. పాత టీ అయితే చేతులు జివ్వుమని "ఒరే, తప్పు" అనేది. ఈ టీ పాపం తలవంచి ఊరుకుంటోంది. బంతి ఎలాగో ఎగిరి వలలో పడుతోంది. మిత్సురు అహా అనుకుంటున్నాడు. తనే మొగుణ్ణి ముద్దుచేసి పాడుచేసినట్టయింది.

గట్టిదనం మళ్ళీ పెట్టడానికి మనసొప్పలేదు. నొప్పి లేకుండా తప్పు తెలియాలి. కార్ఖానాలో ఒకప్పుడు కుక్కలు కొరుక్కునే రబ్బరు బాతులు చేసేవాళ్ళు. ఆ బాతుల పొట్టలో పెట్టే కీచుబిళ్ళలు ఒక డబ్బాలో మిగిలిపోయాయి. వాటిలో ఒకదాన్ని టీ మెడలో, సరిగ్గా గిన్నె కింద, బోలు చేసి కూర్చోబెట్టింది. బంతిని మాత్రమే కొడితే నోరెత్తదు. బ్యాటు మెడకి తగిలిందంటే, కీచ్!

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మొగుడికి అసలే చెప్పలేదు. చెబితే సరదా ఏముంది?

ఆదివారం బార్లీ టీ ఫ్లాస్కు పట్టుకుని మెట్ల మీద ముందే చోటు చూసుకుని కూర్చుంది.

మిత్సురు ఊపాడు. "కీచ్!"

అందరూ చుట్టూ చూశారు. అతను తన బూటు కిందేమైనా పడిందేమోనని చూసుకున్నాడు. మళ్ళీ ఊపాడు. "కీచ్!"

"పందిపిల్లనేమైనా తొక్కావా?" అన్నాడు ఇషిగామి.

మూడోసారికి జట్టుకి విషయం అర్థమైంది. గడ్డిలో పడి దొర్లారు. మిత్సురు చెవులు ఎర్రబడ్డాయి. మెట్లవైపు తిరిగి పెళ్ళాన్ని చూసిన చూపులో, ఇంటికి రా చెబుతానన్న అర్థం స్పష్టంగా ఉంది.

గెంజో ఆనందానికి అంతులేదు. "జరుగు తమ్ముడూ, జరుగు. బ్యాటు బంతికి ఎలా తగలాలో చూపిస్తా. అందరూ దగ్గరికి రండి!"

అందరూ దగ్గరికి వచ్చారు. గెంజో టోపీ సర్దుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, ఒక్కటిచ్చాడు. బంతి రివ్వున వలలో పడింది. దాని వెనకే, తీరిగ్గా, "కీచ్!"

ఎవరూ నవ్వలేదు. నవ్వాపుకోవడానికి ఒకాయన తన తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

"గాలికి అరిచింది," అన్నాడు గెంజో. ఇంకోటి పెట్టాడు. "కీచ్!" ఇంకోటి. ఈసారి అంతకన్నా పొడుగ్గా, "కీఈఈచ్!"

"అన్నయ్యా," అన్నాడు మిత్సురు ఎంతో వినయంగా, "ఇంకాస్త దగ్గరికి రమ్మంటారా? సరిగ్గా కనపడలేదు."

ఆ తర్వాత ఒక్కొక్కరూ కొట్టారు. జట్టులో అరిపించని వాడు ఒక్కడూ లేడు. ఇషిగామి అయితే బాతుల చెరువునే దింపాడు. ఇన్నాళ్ళూ మిత్సురు ఒక్కడి తప్పనుకున్నది అందరి తప్పేనని తేలేసరికి మైదానమంతా పండగలా అయిపోయింది, గెంజో మొహం తప్ప.

"ఇది ఆటబొమ్మ," అని తేల్చాడాయన. "రేపట్నుంచి ఇది మైదానంలోకి రాకూడదు."

నాయకుడి మాట. మిత్సురు టీని సైకిలు వెనక కట్టుకుని ఇంటికి తెచ్చాడు. దారిపొడుగునా గతుకు తగిలినప్పుడల్లా అది కీచుమంటే, అతను ఇంటికొచ్చి కోప్పడాల్సినవాడు నవ్వుతూ వచ్చాడు.

మిత్సురు సరుకు ఇవ్వడానికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం గెంజో కార్ఖానాకి వచ్చాడు. టోపీ కళ్ళదాకా లాక్కుని, ఎవరైనా చూస్తారేమోనని వాషర్ల పెట్టెల వెనక నిలబడ్డాడు.

"మరదలా, అలాంటిదొకటి నాకు కావాలి."

"ఎలాంటిది బావా? ఆటబొమ్మా?"

"అరవనిది."

"అరవకపోతే తప్పెలా తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందిలే. కోషియెన్‌కి వెళ్ళొచ్చినవాణ్ణి."

"అవునవును. అక్కడ బెంచీ కూడా కీచుమనలేదట, అంత నిశ్శబ్దంగా కూర్చున్నారట."

గెంజో పళ్ళు నూరాడు కానీ, పని ఆమెతో కాబట్టి మింగాడు. ఫుసాకో చేసిచ్చింది. లోపల కీచుబిళ్ళ లేదు, ఇంకేమీ లేదు. అమ్మతోడని చెప్పింది, అది నిజమే. ఆయన టీని గుడ్డలో చుట్టుకుని వీధి మలుపు తిరగ్గానే, అక్కకి ఫోను చేసింది.

"అక్కా, మీ ఇంట్లో పాత రబ్బరు బాతు ఉండాలి చూడు. మీ కుక్క బతికున్నప్పుడు నేనిచ్చింది."

కియోమి మాటకారి కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆమె ఏం చెప్పబోయినా గెంజో బ్రేకు తొక్కుతూ రావడంతో మాటలు పొదుపు చేసుకోవడం అలవాటైంది. చెల్లెలు చెప్పిందంతా విని, ఫోను పక్కనపెట్టి వెళ్ళి వెతికొచ్చి, "కనపడింది," అంది. ఫోనులోనే బాతు అరుపు వినిపించింది.

ఆ తర్వాత గెంజో పెరట్లో వల కట్టి టీ పెట్టుకున్నాడు. పైన మేడ మీద, ఎండకి వేసిన పరుపు చాటున కియోమి బాతుతో కూర్చుంది. కింద బ్యాటు టీ మెడకి తగలగానే పైన బాతు నొక్కుతుంది.

రెండ్రోజులకే ఫుసాకోకి ఫోనొచ్చింది.

"నీ టీ అరుస్తోంది!"

"అరవదు బావా. ఒట్టేశాగా."

"కోసి చూశాను! లోపలేమీ లేదు! అయినా అరుస్తోంది!"

"వేసవి కదా, రబ్బరు పొంగుతుందేమో."

"మబ్బుపట్టినా అరుస్తోందే!"

"అయితే బ్యాటు తగుల్తోందేమో బావా."

"కొంచెం తగిలిందిలే," అని ఫోను పెట్టేశాడు.

నిజానికి కియోమి చాలా న్యాయంగా నొక్కింది. తగిలితేనే నొక్కేది, తగలకపోతే ఊరుకునేది. ఆయన బ్యాటు రోజురోజుకీ పైకి జరిగి, బంతి మధ్యకి రావడం మొదలెట్టింది. అరుపులు తగ్గిపోయాయి. దాంతో ఆమెకి విసుగు పుట్టింది. మంచి దెబ్బకి కూడా ఒకటీ అరా నొక్కడం ఆరంభించింది.

పుచ్చకాయ పట్టుకుని ఫుసాకో అక్కింటికి వెళ్ళిన రోజు అక్కాచెల్లెళ్ళిద్దరూ పరుపు చాటునే కూర్చున్నారు. పక్కింటి తకిగావా ముసలమ్మ తన పెరట్లో ఊరగాయకని ఉప్పులో ఊరిన ఎర్రటి ఉమె పళ్ళని వెదురుపళ్ళేల్లో ఎండబెట్టుకుంటోంది. పుల్లటి వాసన మేడదాకా వస్తోంది. కింద గెంజో బంతి పెట్టాడు.

"ఈసారి నాకియ్యవే," అంది ఫుసాకో గుసగుసగా.

"నువ్వు తొందరపడతావే. నేనే."

గెంజో బ్యాటు ఎత్తాడు. బలంగా ఊపాడు. ఊపినవాడు బంతి దాకా వచ్చి, బెత్తెడు దూరంలో టక్కున ఆపేశాడు. బ్రేకు తొక్కడంలో ఆయన్ని మించినవాడు లేడు.

"కీచ్!" అంది బాతు.

బంతి గిన్నెలో అలాగే కూర్చుని ఉంది. గెంజో నెమ్మదిగా తలెత్తి పైకి చూశాడు. పరుపు వెనక రెండు తలలు ఒక్కసారి కిందికి పోయాయి.

"దిగండి!" అన్నాడు.

దిగారు. కియోమి చేతిలో బాతు దాచడానికి కొంగు కూడా లేదు, వెనక్కి పెట్టుకుంటే అదొకసారి దానంతటదే కీచుమంది. ఇంక అయిపోయిందనుకుంది ఫుసాకో. బావ అరుస్తాడు, అక్క ఏడుస్తుంది, తను పుచ్చకాయతో సహా వెళ్ళిపోవాలి.

గెంజో మొహం ఎర్రగా కందిపోయింది. ఏదో అనబోయాడు. ఆపుకున్నాడు. బ్యాటు తిప్పి పిడి భార్యవైపు చాచాడు.

"నా తప్పులన్నీ అంత చక్కగా పట్టావుగా. ఏదీ, నువ్వు కొట్టు చూద్దాం."

కియోమి చెల్లెల్ని చూసింది. బాతుని ఆమెకిచ్చి బ్యాటు తీసుకుంది. వేసవి అంతా పైనుంచి చూసింది కాబోలు, కాళ్ళు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. వంటింటి చెప్పులు విడిచి, వట్టికాళ్ళతో నిలబడి ఊపింది.

టీ కనీసం తల కూడా వంచలేదు. బంతి వల మీదుగా, గోడ మీదుగా, తకిగావా ముసలమ్మ పెరట్లోకి వెళ్ళింది. దభేలుమని చప్పుడైంది. తర్వాత పళ్ళేలు దొర్లిన చప్పుడు.

ముగ్గురూ బిగుసుకుపోయారు.

"నేను వెళ్తా," అన్నాడు గెంజో. "నువ్వు లోపలికి పో. నేనే కొట్టానని చెబుతా." టోపీ తీసి చేత్తో పట్టుకుని, మొహం వేలాడేసుకుని వెళ్ళాడు. ఫుసాకోకి బావ మీద మొదటిసారి నిజంగా గౌరవం కలిగింది. గోడ పక్కన నక్కి తొంగిచూస్తూ వింది.

"క్షమించండి తకిగావా గారూ, నా పొరపాటు," అంటున్నాడాయన.

"అక్కణ్ణుంచి ఇక్కడిదాకానా?" అంది ముసలమ్మ. "గోడ మీదుగా? ఈ వయసులో? అబ్బబ్బ, ఏం బలమయ్యా! మా ఆయన ఉంటే చూసి మురిసిపోయేవాడు. పళ్ళదేముంది, ఏరుకుంటాను. ఇంకాస్త దూరం పోతే రైలు పట్టాల మీద పడేది!"

గెంజో కిందికి చూశాడు. ఉమె రసానికి ఎర్రబడిన బంతిని చేతిలో తిప్పుకున్నాడు. "అంత గట్టిగా ఏం కొట్టలేదండీ," అన్నాడు. గొంతులో వినయం ఉంది కానీ, ఛాతీ అప్పటికే కొద్దిగా ముందుకొచ్చింది. ఫుసాకో గౌరవం సగం అక్కడే రాలిపోయింది.

మిగతా సగం ఆదివారం సాయంత్రం పోయింది. మిత్సురు నూడుల్స్ జుర్రుతూ అన్నాడు: "పెద్దాయన మామూలోడు కాదే. ఇంట్లో టీ మీంచి కొడితే వల దాటి, గోడ దాటి, పక్కింట్లో పడిందట. ఎర్రటి బంతి కూడా తెచ్చి చూపించాడు. అందరం చేత్తో పట్టుకుని చూశాం."

ఫుసాకోకి నూడుల్స్ ముక్కులోకి పోయాయి. దగ్గి దగ్గి తేరుకుని, ముందు అక్కకి ఫోను చేసింది.

కియోమి అంతా వింది. "అది నేను కొట్టింది," అంది. ఆమె గొంతు అలా వినడం ఫుసాకోకి చిన్నప్పుడు బొమ్మల దగ్గర తగువుల తర్వాత మళ్ళీ ఇదే.

తరవాతి ఆదివారం ఏటిగట్టు దిగి వస్తున్న భార్యని చూసి గెంజో చేతిలోని నీళ్ళసీసా జారవిడిచాడు. వెనకే ఫుసాకో మైదానంలోకి రాకూడదన్న టీని భుజాన వేసుకుని వస్తోంది. అడుగడుక్కీ అది కీచుమంటూనే ఉంది.

"ఏంటొదినా, మా నాయకుడికి భోజనం తెచ్చారా?" అన్నాడు ఇషిగామి.

"బ్యాటివ్వు," అంది కియోమి.

అందరూ గుమిగూడారు. ఫుసాకో టీ నిలబెట్టి బంతి పెట్టింది. కియోమి ఊపింది. "కీచ్!" బంతి కాళ్ళ దగ్గర పడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. మళ్ళీ ఊపింది. మళ్ళీ "కీచ్!" ఇంతమంది మగవాళ్ళ మధ్య ఎప్పుడూ నిలబడని మనిషి. ఎందుకు తీసుకొచ్చానా అని ఫుసాకో తనని తానే తిట్టుకుంది.

గెంజో గుంపులోంచి ముందుకొచ్చాడు. ఇప్పుడు తొక్కుతాడు బ్రేకు, అనుకుంది ఫుసాకో.

"మనింట్లో నిలబడ్డట్టు నిలబడు కియోమీ," అన్నాడాయన మెల్లగా. "బూట్లు విప్పెయ్యి."

ఆమె బూట్లు విప్పింది. గెంజో వంగి తనే బంతి పెట్టి పక్కకి తప్పుకున్నాడు. ఈసారి టీ నోరెత్తలేదు. బంతి వలకి అందనంత ఎత్తులో పోయి, దూరంగా గడ్డిలో మేస్తున్న పావురాల్ని లేపి, ఇంకా దొర్లింది.

గెంజో గొంతు సవరించుకున్నాడు.

"ఆ ఊరుగాయ పళ్ళేల్లో పడ్డది కూడా ఈవిడ కొట్టినదే. నేను కాదు."

"తెలుసులే నాయకా," అన్నాడు ఇషిగామి. "నువ్వు కొట్టుంటే ముందు అరుపు వినపడేది. సెలూన్లో కథంతా చెప్పిన తకిగావా గారు అరుపు ఊసే ఎత్తలేదుగా."

అందరికన్నా ముందు కియోమి నవ్వింది. ఆ తర్వాత గెంజోకి కూడా నవ్వక తప్పలేదు. టీకి మైదాన ప్రవేశం మళ్ళీ దొరికింది. కియోమి కూడా ప్రతి ఆదివారం రావడం మొదలుపెట్టింది. ఆమె వెంట తకిగావా ముసలమ్మ కోడలూ, ఇషిగామి భార్యా వచ్చారు. ఫుసాకో ఇంకా పొట్టి టీలు రెండు చెయ్యాల్సి వచ్చింది. ముసలివాళ్ళు తమ వంతు కోసం గట్టు మీద కూర్చుని ఎదురుచూడటం నేర్చుకున్నారు.

శరదృతువులో వంతెన అవతలి జట్టుతో పోటీ జరిగింది. కొంగలు మామూలుగానే ఓడిపోతున్నాయి. ఆఖరి వంతులో గెంజో తను వెళ్ళాల్సిన చోటికి భార్యని పంపాడు. అవతలివాళ్ళు నవ్వి, మెత్తగా ఒక బంతి విసిరారు. కియోమి దాన్ని నడిమైదానం అవతలికి పంపించి, చెయ్యి నుదుటి మీద పెట్టుకుని, అది ఎక్కడ పడుతుందో నిలబడి చూస్తోంది.

"పరుగెత్తు!" అని అరిచాడు గెంజో. "కియోమీ, పరుగెత్తు!"

టీ దగ్గర ఎవరూ పరుగెత్తరు. ఆటలో పరుగెత్తాలన్న సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. "అక్కా! పరిగెత్తవే!" అని ఫుసాకో గొంతు చించుకుంటే అప్పటికి కదిలింది, అదీ బ్యాటు చంకలో పెట్టుకుని. దారిలో గెంజో ఆమె పక్కనే గీత బయట పరుగెడుతూ, కాలితో లేని యాక్సిలరేటరు తొక్కుతూ, "ఇంకా! ఇంకా!" అంటున్నాడు. బంతి ఆమెకన్నా ముందే వచ్చేసి, బెత్తెడు తేడాలో ఔటయింది.

వగరుస్తూ, జుట్టు ఊడిపోయి, కియోమి తిన్నగా బంతి విసిరినాయన దగ్గరికి వెళ్ళింది.

"ఇది లెక్కలోకి రాదు బాబూ," అంది. "పరుగెత్తాలని నాకు చెప్పలేదు. ఇంకోటి వెయ్యి."

ఆయన తన నాయకుడివైపు చూశాడు. నాయకుడు అంపైరువైపు చూశాడు. అంపైరు గెంజోవైపు చూశాడు. గెంజో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వేసెయ్యండి," అన్నాడు. "ఇంటికెళ్ళాక ఆవిడతో వేగాల్సింది మీరు కాదుగా."